క్రూజర్ బైక్‌కి సాడిల్ స్టే: ఎవరికి ఏది సరిపోతుంది

లాంగ్ రైడ్ అనుకోగానే అందరూ సాడిల్ బ్యాగుల, అంటే వెనక సీటుకి రెండు పక్కలా వేలాడే బ్యాగుల వెంట పడతారు. ఎన్ని లీటర్లు, రెయిన్ కవర్ ఉందా, బైక్ రంగుకి నప్పుతుందా, అన్నీ చూస్తారు. ఆ బ్యాగ్‌ని చక్రానికీ సైలెన్సర్‌కీ తగలకుండా పట్టుకునే ఇనుప కమ్మీ సంగతి మాత్రం బ్యాగ్ ఇంటికొచ్చి, బైక్ మీద వేసి చూసుకున్నాకే గుర్తొస్తుంది. మన బైకర్లు దాన్నే సాడిల్ స్టే అంటారు. నా సలహా ఏంటంటే, ముందు స్టే తేల్చుకోండి. స్టే ఎంత పొడవుందో, ఎంత ఎత్తులో ఉందో తెలిస్తే ఏ బ్యాగ్ పడుతుందో దానంతట అదే తెలుస్తుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. స్టేలు జతగా అమ్ముతారు కాబట్టి జతగానే ఆలోచిస్తాం. కానీ మన క్రూజర్లకి రెండు పక్కలా ఒకే సమస్య ఉండదు. ఎడమ పక్క వెనక ఎవరు కూర్చుంటారన్నదే ప్రశ్న. కుడి పక్క ప్రశ్న సైలెన్సర్. ఈ రెండిటికీ విడివిడిగా జవాబు దొరికితే సగం ఆప్షన్లు వాటంతటవే పక్కకి పోతాయి.

ఎడమ పక్క

మన దేశంలో అమ్మే బైక్‌కి శారీ గార్డ్ ఉంటుంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 123వ నియమం ప్రకారం, వెనక మనిషి కూర్చునే వీలున్న బైక్‌కి బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. పట్టుకోవడానికి హ్యాండ్ గ్రిప్, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్ కూడా ఉండాలి. ఆ శారీ గార్డ్ పుణ్యమా అని ఎడమ పక్క బ్యాగ్ చక్రంలోకి వెళ్లడం అంత సులువు కాదు. అందుకే చాలామంది "ఇది చాలదా?" అని అడుగుతారు. తేలికపాటి బ్యాగ్‌కి చాలుతుంది. కానీ ఆ కమ్మీని చీర కొంగు ఆపడానికి చేశారు, బరువు మోయడానికి కాదు. అయిదారు కిలోల బ్యాగ్ రోజంతా దాన్ని గుద్దుతూ ఉంటే ముందు దాని బోల్టులు వదులవుతాయి, ఆ తర్వాత వెల్డింగ్ దగ్గర పగులు వస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. అమ్మో, అత్తగారో చీరలో ఒక పక్కకి కూర్చుంటే కాళ్లు ఎడమ పక్కే వస్తాయి. సరిగ్గా బ్యాగ్ ఉండే చోటే. అక్కడ పెద్ద లూప్ స్టే బిగించేస్తే ఆవిడ కాళ్లు పెట్టుకునే చోటు పోతుంది. కొన్ని స్టేలు బిగించాలంటే శారీ గార్డ్ తీసేయమని అమ్మేవాళ్లే చెబుతారు. ఇంట్లో చీరలు, చున్నీలు వేసుకునేవాళ్లు ఆ బైక్ ఎక్కేట్టయితే అలాంటి స్టే ఎంత బాగున్నా వద్దు. శారీ గార్డ్‌ని అలాగే ఉంచి, దాని బయటి నుంచి వచ్చే స్టేలు ఉన్నాయి. అవి కాస్త వెడల్పుగా కనిపిస్తాయి, కనిపించనివ్వండి.

కుడి పక్క

రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350, బజాజ్ అవెంజర్, హార్లీ ఎక్స్440 లాంటి వాటిలో సైలెన్సర్ కుడి పక్కే ఉంటుంది. శారీ గార్డ్ లాంటిదేమీ అక్కడ ఉండదు. షాక్ అబ్జార్బర్ ఒక్కటే అడ్డు. బ్యాగ్ అడుగు కాస్త వంగినా సైలెన్సర్ మీద కూర్చుంటుంది. నైలాన్, పాలిస్టర్ బ్యాగులు కరుగుతాయి. తోలు బ్యాగ్ కరగదు గానీ ఎండి బిరుసెక్కి పగులుతుంది. బ్యాగ్ నిండినప్పుడు దాని అడుగుకీ సైలెన్సర్‌కీ మధ్య అడ్డంగా అరచేయి పట్టేంత ఖాళీ ఉండాలి. ఖాళీ బ్యాగ్‌తో చూసి సరిపోయిందనుకోకండి. సామాను పెట్టాక బ్యాగ్ జారుతుంది, పొట్ట కూడా పెరుగుతుంది. స్టేకి కింద అడ్డ కమ్మీ ఉంటే బ్యాగ్ దాని మీద ఆనుతుంది. నిలువు కమ్మీలు మాత్రమే ఉన్న స్టే చక్రం నుంచి కాపాడుతుంది గానీ సైలెన్సర్ నుంచి కాపాడదు. కుడి పక్కకి స్టే ఎంచుకునేటప్పుడు నేను మొదట వెతికేది ఆ అడ్డ కమ్మీనే.

సూపర్ మీటియర్ 650కి రెండు పక్కలా సైలెన్సర్లే. అంటే కుడి పక్క లెక్క ఎడమకీ వర్తిస్తుంది. బ్యాగ్ లోతు తక్కువగా, పొడవు ఎక్కువగా ఉండాలి. నేల వైపు వేలాడే బ్యాగులు దానికి పనికిరావు.

మిగతా కొలతలు

వెనక షాక్ అబ్జార్బర్ కింది బోల్టు చక్రంతో పాటు పైకీ కిందికీ కదులుతుంది. పై బోల్టు ఛాసిస్‌కి ఉంటుంది కాబట్టి కదలదు. స్టే ఒక కాలు ఛాసిస్‌కీ ఇంకో కాలు కింది బోల్టుకీ బిగించారంటే ప్రతి గుంతలో ఆ కమ్మీ వంగి లేస్తుంది, ఎక్కువ రోజులు బతకదు. ఏ రకం స్టే అయినా, దాని కాళ్లన్నీ కదలని చోట్లకే వెళ్తున్నాయా అన్నది తప్పకుండా చూడాలి.

పై బోల్టు వాడుకునే స్టేలతో ఇంకో చిన్న జాగ్రత్త. కొత్తగా మధ్యలోకి వచ్చిన పట్టీ నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పాత బోల్టే మళ్లీ బిగిస్తే లోపల అన్ని మరలు తక్కువగా పడతాయి. ఎం8 (ఎనిమిది మిల్లీమీటర్ల మందం) బోల్టు అయితే కనీసం ఎనిమిది మిల్లీమీటర్ల మర లోపలికి దిగాలి. మంచి కంపెనీ స్టే అయితే పొడుగు బోల్టులు ప్యాకెట్‌లోనే ఇస్తారు. ఇవ్వకపోతే హార్డ్‌వేర్ షాపులో తలమీద 8.8 అని ముద్ర ఉన్నవి అడిగి తెచ్చుకోండి. మామూలు బోల్టులు వద్దు.

ఇండికేటర్లు: క్రూజర్లలో వెనక ఇండికేటర్లు మడ్‌గార్డ్ పక్కన ఉండటం మామూలే. బ్యాగ్ వాటిని మూసేస్తే వెనకొచ్చే లారీకి మీరు ఎటు తిరుగుతున్నారో తెలియదు. కొన్ని స్టేలతో ఇండికేటర్లని వెనక్కి జరిపే చిన్న బ్రాకెట్ ఇస్తారు. లేకపోతే పొట్టి బ్యాగ్ చూసుకోవాలి.

బ్యాక్‌రెస్ట్: మీటియర్‌లో స్టెల్లార్, సూపర్‌నోవా రకాలకి బ్యాక్‌రెస్ట్ కంపెనీ నుంచే వచ్చింది, ఫైర్‌బాల్‌కి రాలేదు. అవెంజర్ క్రూజ్‌కీ బ్యాక్‌రెస్ట్ ఉంది. స్టే బిగించే బోల్టునే బ్యాక్‌రెస్ట్ కూడా వాడుకుంటోందా అని చూడండి. మోడల్ పేరు ఒక్కటే చెప్పి ఆర్డర్ ఇస్తే ఇక్కడే దెబ్బ తింటారు.

అలాగే సంవత్సరం కూడా. క్లాసిక్ 350 పేరు మారలేదు గానీ 2021లో ఇంజన్, ఛాసిస్ రెండూ కొత్తవి వచ్చాయి. పాత క్లాసిక్ స్టే కొత్తదానికి పట్టదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత క్రూజర్ థండర్‌బర్డ్ స్టే మీటియర్‌కి పడుతుందని ఎవరైనా అంటే బైక్ మీద పెట్టి చూపించమనండి.

కొలత తీయడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. అనుకున్న బ్యాగ్ సైజుకి అట్టముక్క కోసి, టేపుతో బైక్ పక్కన అంటించండి. ఇద్దరు ఎక్కి కూర్చుని సస్పెన్షన్ బాగా నొక్కండి. వెనకవాళ్ల మడమ అట్టకి తగులుతోందా, కిక్ కొట్టాల్సిన పాత బండి అయితే కాలు అడ్డొస్తోందా, ఇండికేటర్ కనిపిస్తోందా, అన్నీ అయిదు నిమిషాల్లో తెలిసిపోతాయి.

ఇక ఆప్షన్లు

*స్టే లేకుండా, బ్యాగ్ సీటు మీదుగా వేయడం.* రెండు బ్యాగుల మధ్య పట్టీలు సీటు కిందో, సీటు మీదో వేసి, అడుగున బంగీ తాడుతో (సాగే కొక్కేల తాడు) లాగి కట్టడం. వారాంతంలో ఒక రాత్రి బయట ఉండి వచ్చేవాళ్లకి, రెండు జతల బట్టలే తీసుకెళ్లేవాళ్లకి ఇది తప్పేం కాదు. కానీ క్రూజర్ సీటు వెనక భాగం సన్నగా, మడ్‌గార్డ్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి బ్యాగులు లోపలికి వాలతాయి. కుడి బ్యాగ్‌లో బరువు పెట్టకండి. హైదరాబాద్–విజయవాడ హైవే మీద ఏమీ అనిపించదు. మారేడుమిల్లి ఘాట్‌లో మలుపుల మీద మలుపులు తిరిగాక బ్యాగ్ ఎక్కడికి జరిగిందో దిగి చూసుకోవాలి.

*యూనివర్సల్ స్టే.* ఏ బైక్‌కైనా పడుతుందని అమ్మే పట్టీలు, క్లాంపులు. ధర తక్కువ. వీటి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. పైపుకి క్లాంపు బిగించి పట్టించే స్టే అదురుకి నెమ్మదిగా తిరుగుతుంది, పెయింటు గీకుతుంది. మీ బండికి మోడల్ స్టే ఎక్కడా దొరక్కపోతే తప్ప దీని జోలికి వెళ్లనక్కర్లేదు. అప్పుడు కూడా ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపులో చేయించుకోవడం దీనికంటే మేలు.

*మోడల్‌కి తగ్గట్టు చేసిన ఇండియన్ స్టే.* జానా లాంటి మన కంపెనీలు రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లకి ఇవి బాగానే చేస్తున్నాయి. లూప్ ఆకారంలో పైపు, మూడు చోట్ల బోల్టు, పౌడర్ కోటింగ్. ధర సాధారణంగా నాలుగంకెల్లోనే. ఎక్కువమందికి ఇదే సరైన ఎంపిక. రైనాక్స్, వయాటెర్రా లాంటి మన బ్యాగుల్లో చాలా వాటిని పట్టీలతో దీనికి కట్టుకోవచ్చు. ఒక బ్రాండ్‌కే కట్టుబడి ఉండాల్సిన పని లేదు. కొనేముందు చూడాల్సినవి రెండు. కుడి లూప్‌కి కింద అడ్డ కమ్మీ ఉందా అన్నది ఒకటి. రెండు పక్కల స్టేలని నంబర్ ప్లేట్ వెనక కలిపే కమ్మీ ఉందా అన్నది రెండోది. ఆ కలిపే కమ్మీ ఉంటే బరువు లోపలికి నొక్కినా లూపులు వంగవు. అది లేని స్టేలు పదునైన స్పీడ్ బ్రేకర్ల మీద కొద్దికొద్దిగా లోపలికి వస్తాయి.

ఇబ్బంది ఏంటంటే ఇవి బండికి అలాగే ఉండిపోతాయి. రోజూ ఆఫీసుకి ట్రాఫిక్‌లో వెళ్లేవాళ్లకి ఆ వెడల్పు చిరాకు. తీసి పెట్టుకోవచ్చని చెబుతారు గానీ, షాక్ బోల్టులు విప్పి మళ్లీ బిగించే పని ప్రతి వారం ఎవరూ చేయరు.

*కంపెనీ యాక్సెసరీ.* రాయల్ ఎన్‌ఫీల్డ్ కొన్ని మోడళ్లకి పానియర్లు (పక్క బ్యాగులు), వాటిని తగిలించే రెయిళ్లు తనే అమ్ముతుంది. షోరూమ్‌లోనే బిగిస్తారు, కొలతల టెన్షన్ ఉండదు, వారంటీ విషయంలో ప్రశ్నలు రావు. బండి ఇంకా వారంటీలో ఉంటే, చేత్తో స్పానర్ పట్టుకోవడం ఇష్టం లేకపోతే ఇదే తీసుకోండి. కాకపోతే కంపెనీ బ్యాగులు చూడ్డానికి అందంగా ఉన్నంతగా సామాను పట్టవు. వారం రోజుల రైడ్‌కి వెళ్లేవాళ్లు షోరూమ్‌లో బ్యాగ్ తెరిచి, లోపల చేయి పెట్టి చూశాకే డబ్బులు కట్టాలి.

*తీసి పెట్టే రకం.* హెప్కో అండ్ బెకర్ వారి సీ-బో, ఎస్‌డబ్ల్యూ-మోటెక్ వారి ఎస్‌ఎల్‌సీ, గివి వారి ఈజీలాక్ లాంటివి. బండికి చిన్న విల్లు లాంటి కమ్మీయో, పలకో ఉండిపోతుంది. బ్యాగ్ దానికి తగిలించి లాక్ చేస్తారు. హోటల్ దగ్గర తాళం తిప్పితే బ్యాగ్ చేతికొస్తుంది. బ్యాగ్ లేనప్పుడు బండి మామూలుగా కనిపిస్తుంది, వెనక కూర్చునేవాళ్లకి అడ్డం ఉండదు. ఎడమ పక్క సమస్యకి ఇంతకన్నా మంచి జవాబు లేదు.

మరి లోటు ఎక్కడ? ధర అయిదంకెల్లోకి వెళ్తుంది, పైగా వాటికి సరిపోయే బ్యాగులే కొనాలి. సీ-బో రకంలో ఒక పక్క బరువు అయిదు కిలోలకి మించొద్దని తయారుచేసేవాళ్లే చెబుతారు. లడఖ్‌కి పెట్రోల్ క్యాన్ తీసుకెళ్దామనుకునేవాళ్లకి ఇది కుదరదు. దొరకడం కూడా అన్ని బండ్లకీ కాదు. మీటియర్ లాంటివి యూరప్‌లో కూడా అమ్ముతారు కాబట్టి వెతికితే దొరుకుతాయి. అవెంజర్ వాళ్లు ఆశ పెట్టుకోవద్దు.

*చేయించుకోవడం.* విజయవాడ ఆటోనగర్‌లో గానీ, విశాఖ ఆటోనగర్‌లో గానీ బండి ముందు నిలబెట్టి చేయించుకుంటే మీ బ్యాగ్‌కి, మీ సైలెన్సర్‌కి, మీ ఇంట్లోవాళ్ల కాళ్లకి సరిపోయే స్టే వస్తుంది. హైదరాబాద్‌లో అయితే పుత్లీబౌలి వైపు స్పేర్ పార్టుల షాపుల్లో అడిగితే ఎవరు బాగా చేస్తారో చెబుతారు. దర్జీకి కొలతలిచ్చినట్టే, మీరు ఎంత స్పష్టంగా చెబితే అంత బాగా వస్తుంది. అట్టముక్క వెంట తీసుకెళ్లండి. ఛాసిస్‌కి వెల్డింగ్ ఒప్పుకోకండి. అన్నీ బోల్టులతోనే. వెల్డింగ్ చేసేటప్పుడు స్టే బండి మీద ఉండకూడదు, కనీసం బ్యాటరీ వైరు తీయించండి. మెలికల దగ్గర పైపు నలిగి చదునుగా అయితే ఆ చోటే మొదట విరుగుతుంది, అలాంటి పని వెనక్కి ఇచ్చేయండి. రంగు బ్రష్‌తో వేస్తానంటే వద్దని, పౌడర్ కోటింగ్‌కి పంపమనండి. విశాఖ, భీమిలి, కాకినాడ వైపు ఉండేవాళ్లకి ఉప్పుగాలి ఉంది కాబట్టి 304 స్టెయిన్‌లెస్ పైపు అడగడం మేలు. ఖర్చు పెరుగుతుంది, కానీ రెండు వర్షాకాలాలకే తుప్పు మరకలు బ్యాగ్‌కి అంటుకోవు.

అవెంజర్ వాళ్లకి నేను నేరుగా ఈ దారే చెబుతాను. దాని వెనక చక్రం 15 అంగుళాలదే, సీటు ఎత్తు 737 మిల్లీమీటర్లే. బ్యాగ్ ఎలాగూ కిందికి వస్తుంది. రెడీమేడ్ స్టేలో ఆ ఒక్క అంగుళం పైకి జరపమంటే కుదరదు, చేయించుకునేదాంట్లో కుదురుతుంది.

| రకం | ధర | మోయగల బరువు | ఎడమ పక్క కూర్చునేవాళ్లకి | సైలెన్సర్ నుంచి రక్షణ |
|---|---|---|---|---|
| స్టే లేకుండా | ఏమీ లేదు | చాలా తక్కువ | బ్యాగ్ తీస్తే ఇబ్బంది లేదు | దాదాపు లేదు |
| యూనివర్సల్ | తక్కువ | తక్కువ | బిగింపుని బట్టి | అరకొర |
| మోడల్ స్టే | నాలుగంకెలు | మధ్యస్థం నుంచి ఎక్కువ | శారీ గార్డ్ ఉంచితేనే సరే | అడ్డ కమ్మీ ఉంటే బాగుంటుంది |
| కంపెనీది | మోడల్ స్టే కన్నా ఎక్కువ | మధ్యస్థం | షోరూమ్‌లో కూర్చోబెట్టి చూడాలి | బాగుంటుంది |
| తీసి పెట్టే రకం | అయిదంకెలు | తక్కువ | అన్నిటికన్నా మేలు | బాగుంటుంది, బ్యాగ్ లోతు తక్కువ కాబట్టి |
| చేయించుకునేది | పైపు, పనితనాన్ని బట్టి | ఎక్కువ | మీరు చెప్పినట్టు | మీరు చెప్పినట్టు |

ఎవరికి ఏది

ఒంటరిగా తిరిగేవాళ్లు, వెనక సీటు ఎప్పుడూ ఖాళీయే అనుకునేవాళ్లు మోడల్ స్టే తీసుకుని మరో ఆలోచన పెట్టుకోనక్కర్లేదు. బరువైన సామాను బ్యాగుల్లో కింద, తేలికది వెనక సీటు మీద టెయిల్ బ్యాగ్‌లో.

భార్యాభర్తలిద్దరూ రైడ్‌కి వెళ్లేవాళ్లు, ఆవిడ కూడా రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చునేట్టయితే, మడమ దగ్గర ఖాళీని మాత్రం చూసుకోవాలి. స్టే ముందు కాలు వెనక ఫుట్‌రెస్ట్‌కి బాగా వెనకగా ఉండాలి. ఇద్దరి బరువుకి సస్పెన్షన్ దిగుతుంది కాబట్టి అట్టముక్క పరీక్ష ఇద్దరూ ఎక్కాకే చేయాలి.

వారమంతా ఇంటి అవసరాలకి, ఆదివారం రైడ్‌కి అదే బండి వాడేవాళ్లు ఎక్కువ. పాలు, కూరగాయలు, అమ్మని గుడికి తీసుకెళ్లడం, అన్నీ దానిమీదే. వీళ్లకి డబ్బులుంటే తీసి పెట్టే రకం. లేకపోతే ఆటోనగర్‌లో ఎడమ స్టేని రెండు బోల్టులతో ఊడేలా, కుడి స్టేని శాశ్వతంగా ఉండేలా చేయించుకోవడం. కుడి పక్క ఒక్క బ్యాగే పెట్టుకుని తిరిగేవాళ్లూ ఉన్నారు. నాలుగైదు కిలోల లోపు అయితే బండి నడపడంలో పెద్ద తేడా తెలియదు.

బాబర్ తరహా బండి ఉన్నవాళ్లకి ఒక నిష్ఠూరమైన మాట. జావా పెరాక్ లాంటి వాటిలో గాల్లో తేలుతున్నట్టుండే సీటు, రెండు పక్కలా సైలెన్సర్లు ఉంటాయి, పక్కన షాక్ అబ్జార్బర్లు మాత్రం ఉండవు. స్టేకి మంచి ఆధారం దొరకదు. వీపుకి బ్యాగ్, ట్యాంకు మీద చిన్న బ్యాగ్‌తో సరిపెట్టుకోవడమే. కవాసకీ వల్కన్ ఎస్‌కి కూడా జత షాక్ అబ్జార్బర్లు లేవు, కుడి పక్క వాలుగా ఒక్కటే ఉంటుంది. షాక్ బోల్టుకి బిగించే స్టేలు దానికి పనికిరావు, మడ్‌గార్డ్ బోల్టులు వాడుకునేవే చూడాలి.

అమెరికాలో సెకండ్ హ్యాండ్ హోండా షాడో, వల్కన్ 900 లాంటివి కొనుక్కునే మనవాళ్లకి లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడి బండ్లకి శారీ గార్డ్ ఉండదు. అంటే ఎడమ పక్క కూడా చక్రం పూర్తిగా బయటే. వల్కన్ 900లో షాక్ అబ్జార్బర్ లోపల దాగి ఉంటుంది కాబట్టి బ్యాగ్‌కీ చక్రానికీ, దాన్ని తిప్పే బెల్టుకీ మధ్య అడ్డమే లేదు. స్టే లేకుండా బ్యాగ్ వేయడమన్న ఆప్షన్‌ని వాళ్లు పూర్తిగా కొట్టేసుకోవచ్చు. మంచి విషయం ఏంటంటే అక్కడ మడ్‌గార్డ్ బోల్టులకి బిగించే మోడల్ స్టేలు పాత బండ్లకి కూడా సులువుగా దొరుకుతాయి.

ఆర్డర్ ఇచ్చే ముందు, బిగించాక

ఆన్‌లైన్‌లో కొంటుంటే అమ్మేవాళ్లని కుడి పక్క ఫొటో అడగండి. అందరూ ఎడమ పక్క ఫొటోలే పెడతారు, ఎందుకంటే అటువైపు ఏ స్టే అయినా బాగానే కనిపిస్తుంది. బండి తయారైన సంవత్సరం, రకం పేరు, బ్యాక్‌రెస్ట్ ఉందో లేదో రాసి పంపి, పడుతుందని రాతపూర్వకంగా చెప్పించుకోండి. పట్టకపోతే వెనక్కి పంపేటప్పుడు ఆ మెసేజే పనికొస్తుంది.

బిగించేటప్పుడు అన్ని బోల్టులూ చేత్తో సగం వరకు ఎక్కించి, ఆ తర్వాతే ఒక్కొక్కటి బిగించాలి. ఒకటి పూర్తిగా బిగించాక రెండోది పట్టకపోతే స్టేని వంచి బలవంతంగా కలపకండి. ఆ ఒత్తిడి మొత్తం బోల్టు మీదే ఉండిపోతుంది. నైలాన్ ఉన్న నట్లు వాడండి, లేదంటే నీలం రంగు లాక్‌టైట్ (బోల్టు మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క. ఎరుపు రంగుది వద్దు, తర్వాత వేడి చేస్తే తప్ప ఊడదు. మొదటి వంద, రెండు వందల కిలోమీటర్లకి ఒకసారి స్పానర్ పెట్టి చూడండి. ఘాట్ రోడ్డుకి వెళ్లేముందు కూడా. బోల్టు తలమీద, పక్క పట్టీ మీద కలిపి మార్కర్‌తో ఒక గీత గీసి పెట్టుకుంటే స్పానర్ లేకుండానే కనిపెట్టొచ్చు. గీత రెండు ముక్కలుగా పక్కకి జరిగి కనిపిస్తే ఆ బోల్టు తిరిగినట్టే.